బండి ఆపేయండి, పెళ్లికి ఆలస్యమైనా పర్లేదు

పేపర్లో జిల్లా పేజీ తిప్పుతుంటే తరచూ కనపడే హెడ్డింగు ఒకటుంది, ఆగి ఉన్న లారీని ఢీకొన్న కారు. ఒకసారి చిలకలూరిపేట దగ్గర, ఇంకోసారి హనుమాన్ జంక్షన్ దాటాక, మరోసారి నందిగామ వైపు, ఊరు మారుద్ది గానీ వార్త మారదు. తెల్లారుజామున, తిరుపతి నుంచో ఇంకెక్కడి నుంచో వస్తున్న కుటుంబం. అయ్యో పాపం అనుకుని, డ్రైవర్ నిద్రపోయుంటాడులే అని తేల్చేసి పేజీ తిప్పేస్తాం. నిద్ర నిజమే అయ్యుండొచ్చు, కానీ నాకు ప్రతిసారీ ఆ ఆగి ఉన్న లారీ మీదే మనసు ఉండిపోతుంది. అక్కడెందుకు ఆగింది, టైరు పేలిందా, యాక్సిల్ విరిగిందా, సరే ఏదో అయ్యి ఆగింది, వెనకొచ్చేవాడికి తెలియడానికి ఏం పెట్టారు? నాలుగు బండరాళ్లు, రెండు వేప కొమ్మలు. రిపేరయ్యాక లారీ వెళ్లిపోద్ది, రాళ్లు మాత్రం లేన్‌లో అట్టాగే ఉంటాయి, రాత్రికి వాటి మీదకి ఏదో బైకు ఎక్కుద్ది.

లారీ వాళ్లని తిట్టడానికి కాదు ఇది రాస్తోంది. కార్లున్న మనం కూడా అంతే. రోడ్డు మీద బండికి ఏదన్నా అయినప్పుడు కాపాడుకోవాల్సినవి మూడు, ముందు మనుషులు, తర్వాత బండి, ఆ తర్వాతే ప్రయాణం. మనవాళ్లు ఈ వరసని సరిగ్గా తిరగేస్తారు. ముహూర్తానికి అందుకోవాలి కాబట్టి ముందు ప్రయాణాన్ని కాపాడతారు, అది కుదరక బండి ఆగిపోతే అప్పుడు రోడ్డు మధ్యలోనే బానెట్ ఎత్తి బండిని కాపాడటం మొదలుపెడతారు, పిల్లలు మాత్రం ఆ బండి లోపలే ఏసీ లేక చెమటలు కక్కుతూ కూర్చునుంటారు. వాళ్ల సంగతి ఆఖర్న.

మా బాబాయి గారి కారు ఇట్టాగే పోయింది. మే నెల, ఒంగోల్లో పెళ్లి, గుంటూరు నుంచి అయిదుగురు ఎక్కారు. మార్టూరు దాటేసరికి ఏసీలోంచి చల్లగాలి తగ్గింది, హీట్ ముల్లు ఎప్పుడూ ఉండే చోటు కంటే పైకి లేచింది. పక్కనున్నవాళ్లు అడిగితే ఎండకి మామూలేరా, మేదరమెట్లలో చూపిద్దాంలే అన్నారు. మేదరమెట్ల రాకముందే బండి దానంతట అదే ఆగిపోయింది. విప్పి చూస్తే పగిలింది ఒక రబ్బరు గొట్టం, వందల్లో పోయే సామాను. కానీ ఇంజన్ని చల్లబరిచే కూలెంట్ కారిపోయాక కూడా నడిపిన ఆ కొంచెం దూరానికి ఇంజన్ పైభాగం, అంటే హెడ్ వంగింది, దాని కింద సీలులా ఉండే గ్యాస్కెట్ కాలింది, ఆయిల్లోకి నీళ్లు చేరాయి, ఆయిల్ కొలిచే డిప్‌స్టిక్ బయటికి తీస్తే ఆయిల్ చిక్కటి టీ రంగులో ఉంది. పెళ్లి భోజనాలకి ఆటోలో వెళ్లారు, బండి మాత్రం క్రేన్ మీద గుంటూరొచ్చింది, ఇంజన్ విప్పిన బిల్లు చూసి పిన్ని గారు రెండు రోజులు మాట్లాడలేదు.

నేను గమనించింది ఏంటంటే, కార్లలో పెద్ద పెద్ద నష్టాల్లో చాలావాటికి మొదలు చిన్నదే. గొట్టం, బెల్టు, గాలి తగ్గిన టైరు, ఆయిల్ చాంబర్‌కి తగిలిన రాయి. చిన్నది పెద్దదయ్యేది మనం ఆపకుండా లాగిన ఆ చివరి కొన్ని కిలోమీటర్లలోనే.

ఇప్పటి ఇంజన్లకి హెడ్ దాదాపు అన్నిట్లోనూ అల్యూమినియమే, తేలిక, కానీ వేడికి తొందరగా వంగుద్ది. దాన్ని చల్లగా ఉంచే కూలెంట్ ప్రెజర్‌లో ఉంటుంది కాబట్టి 100 డిగ్రీలు దాటినా మరక్కుండా తిరుగుతూ ఉంటుంది. అందుకే వేడి మీద రేడియేటర్ మూత తిప్పకూడదు. మూత వదులైన క్షణంలో ప్రెజర్ పోద్ది, లోపలున్నదంతా ఒక్కసారే మరిగి ఆవిరై మొహం మీదకి చిమ్ముతుంది. చెయ్యి కాలినవాళ్లు, మొహం కాలినవాళ్లు ఉన్నారు, గుడ్డ పట్టుకుని తిప్పినా అంతే. అరగంట, ముప్పావుగంట ఊరుకోండి, రేడియేటర్ పై గొట్టాన్ని చేత్తో పట్టుకోగలిగినంత చల్లారాక చూడండి. ఆ ఇంజన్ మీద చల్లటి వాటర్ బాటిల్ కుమ్మరించడం కూడా మనవాళ్లకి అలవాటు, కాలిన లోహం మీద చల్లనీళ్లు పడితే పగుళ్లిస్తుంది, వద్దు.

ఇంకో సంగతి చాలామందికి తెలీదు. కూలెంట్ మొత్తం కారిపోతే హీట్ ముల్లు ఒక్కోసారి కిందకి దిగిపోతుంది, ఎందుకంటే ఆ సెన్సర్ తడిసుండాల్సింది నీళ్లలో, నీళ్లే లేకపోతే అది చూసేది గాలి వేడిని. అమ్మయ్య తగ్గిందనుకుని తొక్కేస్తారు, అక్కడితో అయిపోద్ది. పైకెక్కిన ముల్లు ఉన్నట్టుండి పడిపోతే అది మంచి వార్త కాదు. కొన్ని కొత్త కార్లలో అసలు ముల్లే ఉండదు, ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు నీలం లైటు, కాలిపోతుంటే ఎర్ర లైటు, మధ్యలో ఏమీ కనపడదు, కాబట్టి ఆ ఎర్రది వెలిగిందంటే అప్పటికే ఆలస్యం అయినట్టు లెక్క. ట్రాఫిక్‌లో ఇరుక్కుని వేడి అప్పుడప్పుడే ఎక్కుతుంటే మాత్రం ఏసీ ఆపి, హీటర్ ఫుల్లుగా పెట్టి, అద్దాలు దించి, రోడ్డు పక్కకి చేరేదాకా నెట్టుకు రావొచ్చు, హీటర్ కూడా ఇంజన్ వేడినే బయటికి లాగుద్ది. మే నెలలో బెజవాడలో హీటర్ వేసుకోవడం నరకమే, తెలుసు, రెండు నిమిషాలు ఓర్చుకోండి.

ఇక్కడే ఒక విషయం మీద నాకు మన మెకానిక్కులతో గట్టి పేచీ ఉంది. విజయవాడ ఆటోనగర్ అంటే నాకు గౌరవం, అక్కడ దొరకని పార్టు లేదు, లారీ బాడీ దగ్గర్నుంచి బోల్టు దాకా కట్టగల చేతులున్నాయి. కానీ హీట్ కంప్లయింట్ అని వెళ్తే కొందరు మేస్త్రీలు చేసే మొదటి పని థర్మోస్టాట్ పీకి అవతల పారేయడం, మన ఎండలకి ఇదెందుకు సార్ అంటారు. ఆ చిన్న వాల్వు ఇంజన్ ఎంత వేడి మీద పనిచేయాలో అంత వేడిని నిలబెట్టడానికి పెట్టింది. అది లేకపోతే పొద్దున్నే ఇంజన్ తొందరగా వేడెక్కదు, మైలేజ్ పడిపోద్ది, అరుగుదల పెరుగుద్ది, పైగా అసలు జబ్బు, అంటే తిరగని ఫ్యానో పాచిపట్టిన రేడియేటరో, అట్టాగే ఉండిపోయి ఇంకో వేసవిలో బయటపడుద్ది. థర్మోస్టాట్ చెడిపోతే కొత్తది వేయమనండి. అట్టాగే కూలెంట్ బదులు బోరు నీళ్లు పోయనీయకండి, మన గుంటూరు వైపు బోరు నీళ్లకి బకెట్లు తెల్లగా పొర కడతాయి కదా, ఆ పొరే రేడియేటర్ సన్న గొట్టాల్లో కడుతుంది. దారిలో గత్యంతరం లేక పోశారనుకోండి, ఊరొచ్చాక కడిగించి సరైన కూలెంట్ నింపించండి.

మీటర్ బోర్డు మీద లైట్ల గురించి ఒక్క ముక్క. పసుపుది వెలిగితే మెల్లగా వెళ్లి చూపించుకోవచ్చు, ఎర్రది వెలిగితే ఆపేయాలి. అందులోనూ ఆయిల్ డబ్బా బొమ్మ ఎర్రగా వెలిగిందంటే పక్కకి తీసి ఆ క్షణమే ఇంజన్ ఆపాలి, ఎందుకంటే అది చెప్పేది ఆయిల్ తగ్గిందని కాదు, ఆయిల్ ప్రెజర్ లేదని. లోపల ఇనుము ఇనుముని రాసుకుంటోంది, బేరింగులు పోవడానికి నిమిషాలు చాలు. ఊళ్లలో ఎత్తైన స్పీడ్ బ్రేకర్‌కి కింద దబ్‌మని తగిలితే సిగ్గుపడకుండా దిగి కింద చుక్కలు కారుతున్నాయేమో చూడండి. బ్యాటరీ బొమ్మని కూడా తేలిగ్గా తీసుకోవద్దు, బెల్టు తెగితే ఆ లైటే వెలుగుద్ది, చాలా బళ్లలో నీళ్ల పంపుని తిప్పేది కూడా ఆ బెల్టే, కాసేపటికి హీట్ ఎక్కుద్ది.

ఇక నీళ్ల సంగతి. 2024 సెప్టెంబర్ 1న బుడమేరు వాగు బెజవాడ సింగ్‌నగర్ మీదకి వచ్చినప్పుడు చూశాం కదా, ఎన్ని బళ్లు, సెల్లార్లలో పెట్టినవి పెట్టినట్టే మునిగిపోయాయి. ఆ మర్నాడు ప్రకాశం బ్యారేజీ దగ్గర 11 లక్షల క్యూసెక్కులు దాటింది. మునగడం మన చేతుల్లో లేదు. నాకు ఇప్పటికీ బాధేసేది ఏంటంటే, నీళ్లు తీశాక ఒకసారి స్టార్టవుద్దేమో చూద్దాం అని సెల్ఫ్ కొట్టినవాళ్ల బళ్లు. మునిగిన బండి ఇంజన్‌ని చాలాసార్లు బతికించొచ్చు, నీళ్లు తోడి, ఆయిళ్లు మార్చి, ఎండబెట్టి. సెల్ఫ్ కొట్టాక కష్టం. పిస్టన్ పైకొచ్చినప్పుడు పెట్రోల్ ఇంజన్లో గాలిని సుమారు పదో వంతుకి నొక్కుద్ది, డీజిల్‌లో అయితే పదహారు పదిహేడో వంతుకి. గాలి నొక్కితే నలుగుద్ది, నీళ్లు నలగవు. నలగనిదాన్ని నొక్కితే వంగేది పిస్టన్ని కింద పట్టుకుని ఉండే కనెక్టింగ్ రాడ్డే. రాడ్డు వంగిందంటే ఇంజన్ మొత్తం విప్పాల్సిందే. అందుకని మునిగిన బండికి తాళం పెట్టొద్దు, వీలైతే బ్యాటరీ వైరు తీసేయండి, ఫొటోలు తీసి ఇన్సూరెన్స్ వాళ్లకి చెప్పి, క్రేన్ మీద షెడ్డుకి పంపండి.

ఇన్సూరెన్స్‌లో కూడా ఇక్కడే మెలిక. ఫుల్ ఇన్సూరెన్స్ ఉంటే వరద నష్టం వస్తుంది అంటారు, వస్తుంది, కానీ నీళ్లలో స్టార్ట్ చేయడం వల్ల ఇంజన్ పోతే అది వరద చేసింది కాదు మీరు చేసిందని మామూలు పాలసీలో కొట్టేస్తారు. ఇంజన్ ప్రొటెక్షన్ అని విడిగా ఒక యాడ్ ఆన్ ఉంటుంది. కృష్ణా ఒడ్డున ఉండే మనం, బుడమేరు పక్కన ఉండే మనం, వాన పడితే మూడు వంతెనల కింద నీళ్లు నిలబడే గుంటూరు వాళ్లం, అది తీసుకోకుండా రెన్యువల్లో కొంచెం డబ్బు మిగిల్చుకోవడం నాకైతే అర్థం కాదు. థర్డ్ పార్టీ మాత్రమే ఉంటే సొంత బండికి ఏమీ రాదు, అది వేరే చెప్పక్కర్లేదు.

వంతెన కింద నీళ్లున్నప్పుడు ముందు వెళ్లిన బస్సుని చూసి వెళ్లొద్దు. బస్సు ఎత్తు వేరు, చాలా కార్లకి గాలి పీల్చే గొట్టం ముందు గ్రిల్ వెనకాలే ఉంటుంది, పైగా ఎదురుగా బస్సొస్తే దాని అల మీ బానెట్ మీదకి వస్తుంది. చక్రంలో సగం దాటి నీళ్లుంటే వెనక్కి తిప్పేయండి. మధ్యలో ఆగిపోయిందా, మళ్లీ సెల్ఫ్ కొట్టకుండా న్యూట్రల్‌లో పెట్టి నెట్టించండి. పారే నీళ్లయితే లోతు ఎంతైనా దిగొద్దు. 2023 జులైలో, మళ్లీ 2024 సెప్టెంబర్లో ఐతవరం దగ్గర మున్నేరు నీళ్లు హైదరాబాద్ హైవే మీదకే వచ్చేశాయి, బళ్లు ఆపేశారు, ఆగినవాళ్లందరూ కాస్త ఆలస్యంగా ఇళ్లకి చేరారు, అంతేగా.

టైర్ల విషయానికొస్తే, టైరు పేలడానికి కారణం గాలి ఎక్కువవడం అని మనవాళ్ల గట్టి నమ్మకం, ఎండాకాలం కదా అని రెండు పాయింట్లు తగ్గించి కొట్టిస్తారు. ఎక్కువసార్లు జరిగేది దీనికి ఉల్టా. గాలి తగ్గితే టైరు పక్కగోడ ప్రతి చుట్టుకీ ఎక్కువ వంగుద్ది, వంగిన కొద్దీ లోపల వేడి పుడుద్ది, ఆ వేడికి పొరలు విడిపోయి హైవే స్పీడులో పేలుద్ది. డ్రైవర్ డోర్ తీస్తే ఆ అంచున స్టిక్కర్ మీద ఎంత పెట్టాలో కంపెనీయే రాసుంటుంది, బండి చల్లగా ఉన్నప్పుడు అంత పెట్టండి, అయిదుగురు లగేజీతో వెళ్తుంటే ఫుల్ లోడుకి రాసిన అంకె చూడండి. టైరు వయసు కూడా దాని మీదే ఉంటుంది, డాట్ (DOT) అనే అక్షరాల వరసలో చివర నాలుగు అంకెలు, 2319 అంటే 2019లో 23వ వారం తయారైంది అని. బటన్, అంటే టైరు మీద గాళ్ల లోతు, బాగానే ఉందండీ అంటారు, రబ్బరు ఎండి బీటలు తీశాక బటన్ ఎంతుంటే ఏం లాభం. పేలినప్పుడు మాత్రం బ్రేకు కొట్టొద్దు. స్టీరింగ్ గట్టిగా పట్టుకుని తిన్నగా ఉంచి, యాక్సిలరేటర్ మెల్లగా వదిలేస్తే బండి దానంతట అదే స్పీడు తగ్గుద్ది, అప్పుడు ఎడమకి తీయాలి.

ఇంతసేపూ ఆపండి ఆపండి అంటున్నాను కదా, ఇక్కడొక మినహాయింపు ఉంది. బెంజ్ సర్కిల్ ఫ్లైఓవర్ మీదో కనకదుర్గ ఫ్లైఓవర్ మీదో పంక్చరైతే అక్కడే ఆపి స్టెపినీ మార్చొద్దు. పక్కకి జరగడానికి చోటుండదు. నాలుగు ఇండికేటర్లు వేసుకుని, నడిచే స్పీడులో, టైరు చితికిపోయినా, రిమ్ము వంగినా సరే, ఫ్లైఓవర్ దిగేదాకా తీసుకుపోండి. టైరూ రిమ్మూ కొత్తవి కొనుక్కోవచ్చు. మొదట చెప్పిన వరస అందుకే చెప్పింది, మనుషుల ముందు బండిని కూడా వదులుకోవాలి. రాత్రిపూట ఆడవాళ్లు, పిల్లలతో నిర్మానుష్యంగా ఉన్న చోట ఎట్టా ఆపమంటావు అని మా అక్క అడిగింది, న్యాయమైన ప్రశ్నే. దానికి కూడా సమాధానం ఈ వరసలోనే ఉంది. ఆగడమే ప్రమాదం అనిపించే చోటైతే దగ్గర్లో లైట్లున్న బంకుదాకానో టోల్ గేటుదాకానో లాగండి, ఇంజన్ పోతే పోయింది. కానీ నిజంగా ఆ భయంతో లాగారా, ముహూర్తం కోసం లాగారా అన్నది ఎవరికి వాళ్లకి తెలుసు. వాసన, పొగ వస్తుంటే మాత్రం ఎక్కడైనా ఆపాల్సిందే, అందరూ దిగి దూరం జరగాలి, లోపల మంట ఉందేమో అనుమానమున్నప్పుడు బానెట్ పూర్తిగా ఎత్తొద్దు, గాలి తగిలి భగ్గుమంటుంది.

హైవే మీద ఆగాక ఏం చేయాలన్నది నా దృష్టిలో ఇంజన్ కంటే ముఖ్యం. సర్వీస్ రోడ్డుకి దారుంటే అందులోకి దించేయండి, మంగళగిరి, కాజ, పెదకాకాని ఈ వరసలో చాలాచోట్ల ఉంది. లేకపోతే ఎడమ అంచుకి వీలైనంత జరిపి ఆపండి. నాలుగు ఇండికేటర్లు వేయండి. అందరూ ఎడమ డోర్లోంచే దిగి రెయిలింగ్ అవతలికి వెళ్లాలి, ముసలివాళ్లయినా నిద్రపోతున్న పిల్లలయినా సరే, ఎవర్నీ బండిలో ఉంచొద్దు. తర్వాత కారుతో పాటు ఇచ్చిన త్రికోణం బోర్డు, డిక్కీలో కవరు కూడా విప్పకుండా పడుంటుంది చాలామందికి, అది తీసి ఛాతీ ముందు పట్టుకుని వచ్చే బళ్లకి ఎదురుగా నడుస్తూ వెనక్కి వెళ్లి పెట్టాలి. ఎంత దూరం అంటే, గంటకి 100 స్పీడులో వచ్చే బండి సెకనుకి దాదాపు 28 మీటర్లు వస్తుంది. డ్రైవర్ చూసి కాలు బ్రేకు మీదకి వేసేలోపే 40 మీటర్లు, బ్రేకు పడ్డాక ఆగడానికి పొడి రోడ్డు మీద ఇంకో 50, 60 మీటర్లు. అంటే 100 మీటర్లు, మనం నడిచే అడుగుల్లో ఒక 130. బండి వెనక పది అడుగుల్లో బోర్డు పెడితే అది చూసేసరికే గుద్దేస్తాడు. కుడివైపు చక్రం పోయి, ట్రాఫిక్ వైపు వంగి కూర్చుని మార్చాల్సి వస్తే మార్చొద్దు, 1033కి ఫోన్ చేయండి.

ఆ నంబరు నేషనల్ హైవేల కోసమే పెట్టింది, 24 గంటలూ పనిచేస్తుంది, పెట్రోలింగ్ బండి, క్రేన్, అంబులెన్స్ పంపిస్తారు, ఎన్‌హెచ్ 16 మీదైనా 65 మీదైనా. టోల్ కట్టేటప్పుడు అంతంత కడుతున్నామని గొణుక్కుంటాం, ఆ డబ్బులో ఇది కూడా ఉందని ఎంతమందికి గుర్తుంటుంది? ఫోన్ చేసేటప్పుడు రోడ్డు పక్క కిలోమీటరు రాయి మీద నంబరు, ఎటువైపు వెళ్తున్నారో చెప్తే తొందరగా వస్తారు. దెబ్బలు తగిలితే 108, లేదా 112. ఇంకొకరి బండికి ప్రమాదం అయ్యుంటే కేసుల్లో ఇరుక్కుంటామేమో అని ఆగకుండా పోవద్దు, 2016లో సుప్రీం కోర్టు చెప్పింది, 2019లో మోటారు వాహనాల చట్టంలో 134ఏ కింద రాసేశారు కూడా, మంచి మనసుతో సాయం చేసినవాళ్ల మీద కేసు ఉండదు, పేరు చెప్పమని బలవంతం చేయడానికి లేదు.

లారీలు ఆపుకోవడానికి హైవే పక్కన లైట్లు, బాత్రూములు ఉన్న చోట్లు ఇంకా చాలా కావాలి. రాత్రంతా తోలినవాడు ఎక్కడ పడుకోవాలి చెప్పండి? ధాబా ముందు లేన్‌లోనే ఆపుతున్నాడంటే వాడికి లోపల జాగా లేక కూడా. అది కట్టాల్సినవాళ్లు కట్టాలి. వెనక రేడియం స్టిక్కర్లు మట్టి కొట్టుకుపోయి ఉంటే టోల్ గేటు దగ్గరే ఆపి తుడిపించడం ఎంతసేపు పని? నేనైతే కనిపించిన రాళ్లు భద్రంగా ఆగగలిగిన చోటైతే పక్కకి నెడుతున్నాను, లేకపోతే 1033కే చెప్తున్నాను.

క్రేన్ వచ్చాక కూడా ఒక మాట. ఆటోమేటిక్ గేరు బండి అయితే ముందే చెప్పండి, తాడు కట్టి లాగనివ్వొద్దు. ఇంజన్ ఆగితే చాలా ఆటోమేటిక్‌లలో గేరుబాక్సుకి ఆయిల్ తిప్పే పంపు కూడా ఆగిపోద్ది, ముందు చక్రాలు తిరుగుతుంటే లోపల ఆయిల్ లేకుండా అరుగుతుంది. ఎలక్ట్రిక్ బండికీ ఇదే జాగ్రత్త, చక్రాలు తిరిగితే మోటారూ తిరుగుద్ది. నాలుగు చక్రాలూ పైకెక్కించుకునే ఫ్లాట్ బెడ్ పంపమని ఫోన్లోనే అడగండి, వచ్చినతను ఏం కాదు సార్ దగ్గరేగా అన్నా ఒప్పుకోవద్దు, ఇంకో గంటైనా చెట్టు కింద కూర్చోండి.